మాస్టారు కట్టిన మూట

ఇలా దగ్గరికి జరగండి. ఆ కుర్చీలో ఆయన్ని కూడా జరగమనండి. ఈ కథలో గడియారం ముల్లు ఎక్కడుందో వదలకుండా వినాలి. అంకె చెవి దాటిందా, దొంగ గుమ్మం దాటేస్తాడు.

గురువారం, మధ్యాహ్నం రెండూ పది. రైలు డ్రైవర్లను తయారుచేసే శిక్షణ పాఠశాల వరండాలోకి చీమ అడుగుపెట్టింది.

పెట్టిన పేరు వేరే ఉంది లెండి. పుట్టినప్పుడు అరచేతిలో ఇమిడేంత ఉందని చీమ అన్నారు. ముప్ఫై ఆరేళ్ళొచ్చినా ఆ పేరే నిలిచింది. చేసేది పరిశోధన, కత్తులూ తుపాకులూ కాదు, కంప్యూటర్లలో జరిగే దొంగతనాలు. మా ఇంటి పిల్ల కాబట్టి అనడం లేదు గానీ, పంచదార ఎక్కడ ఒలికినా మొదట తెలిసేది చీమకే.

అయితే ఆవేళ ఆమె వచ్చింది దొంగ కోసం కాదు. ఆ పాఠశాల వెబ్‌సైటును పదేళ్ళుగా చూసుకుంటున్న మాస్టారు మంగళవారం ఒంటిగంటకు కంటి ఆపరేషనుకు వెళ్ళాడు. చీమకు ఈ విద్య నేర్పింది ఆయనే. కళ్ళకు కట్టుతో మంచం మీద పడుకుని, పొద్దున్నే ఫోన్ చేశాడు.

"చీమా, నా సైటు కుంటుతోందటే. ఒక్క సెకనులో తెరుచుకునేది తొమ్మిది సెకన్లు తీసుకుంటోందని నర్సు చెప్పింది. నా సైటు సంగతి నాకు నర్సు చెప్పాలా?"

"ఆపరేషనైన రెండో రోజుకే నర్సు చేత సైటు తెరిపించారా మాస్టారూ?"

"మందుబిళ్ళ వేళకు వేసుకుంటున్నా, సైటు వేళకు చూపించుకుంటున్నా. కబుర్లాపి నువ్వెళ్ళవే."

అలా వచ్చిన చీమకు వరండా బెంచీ మీద ఒక అమ్మాయి కనిపించింది. ఒళ్ళో రేకు పెట్టె, పెట్టె మీద రెండు చేతులు. బండి ఎక్కాల్సినవాళ్ళలా నిటారుగా కూర్చుంది.

"ఎవరి కోసమమ్మా?"

"సంతకం పెట్టించుకుంటారేమోనని అక్కా. పెట్టించుకోం అన్నారు. అయినా కూర్చున్నా."

కుట్టు షాపు నడిపే ఒకావిడ కూతురామె. పరీక్షలో నంబరు మూడు వందల పద్దెనిమిది. సోమవారం పది గంటలకు నలభై మంది ఎంపికైన జాబితా సైటులో పెట్టారు. అమ్మ షాపు కంప్యూటరులో తెరిచి తన నంబరు చూసుకుంది, కాగితం మీద అచ్చు తీయించుకుంది. బుధవారం పెట్టెతో వస్తే, జాబితాలో ఆ నంబరే లేదన్నారు. చేతిలో ఉన్న కాగితం దొంగకాగితమన్నారు. చేరికలకు గడువు ఈవేళ అయిదు గంటల దాకా. అది దాటితే సీటు పోవడమే కాదు, దొంగకాగితం చేసిందన్న మచ్చతో మూడేళ్ళు ఏ పరీక్షకూ కూర్చోనివ్వరు.

చీమ బెంచీ మీద కూర్చుంది. "సోమవారం ఎన్నింటికి చూశావు?"

"పదీ ఇరవైకి."

"అంత గట్టిగా ఎలా చెప్తున్నావు?"

"పదిన్నరకు యూనిఫారాలు తీసుకెళ్ళడానికి మనిషొస్తానన్నాడు. ఇంకా పది నిమిషాలుందని అమ్మ కుడుతూనే ఉంది. నంబరు చూసి నేను అరిచాను, అమ్మ మిషన్ ఆపింది. మా అమ్మ పని మధ్యలో మిషన్ ఆపగా నేనెప్పుడూ చూళ్ళేదక్కా."

"పేజీ ఎంతసేపట్లో తెరుచుకుంది?"

"రెప్ప వేసేలోపు."

"మరి నిన్న ఇక్కడ ఆఫీసులో చూపించినప్పుడు?"

"చాలాసేపు పట్టింది. ఆ తెల్ల తెరను చూస్తూ ఊపిరి బిగపట్టాను. విడిచేదాకా రాలేదు."

చీమ లేచింది. "ఇక్కడే ఉండు. పెట్టె మీద చెయ్యి తీయకు."

*

ప్రిన్సిపాల్ గది. బల్ల నున్నగా, గోడ గడియారం రెండూ ముప్ఫై.

"సైటు వేగం చూసి వెళ్ళండమ్మా. వరండాలో అమ్మాయి సంగతి నిన్ననే ముగిసింది," అన్నాడాయన తలెత్తకుండా.

"మంచిది సార్. ఒక్క మాట. మంగళవారం మధ్యాహ్నం నుంచి మందగించిందంటున్నారు. ఆ పూట సైటు జోలికి ఎవరైనా వెళ్ళారా?"

"ఎవరూ వెళ్ళలేదు. మీ మాస్టారు ఆస్పత్రిలో ఉన్నాడు. నేను రెండు నుంచి అయిదు దాకా యార్డులో, కొత్త ఇంజను దగ్గరే ఉన్నాను."

"నేనడిగింది సైటు గురించి సార్. మీరెక్కడున్నారని అడగలేదు."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఆయన తలెత్తాడు. చీమ దణ్ణం పెట్టి బయటికొచ్చింది.

సర్వర్ గది తాళం సెక్యూరిటీ ఆఫీసరు దగ్గరుంది. ఈయన్ని అందరూ వెనకాల స్టాంపు అంటారు. ఇరవై ఏళ్ళు పోలీసు ఉద్యోగం చేసి వచ్చాడు. గుండ్రటి ముద్ర పడని కాగితాన్ని కాగితమే అనడు. గేటు రిజిస్టరు, తాళాల రిజిస్టరు, చేరికల రిజిస్టరు, మూడూ ఆయన చంకలోనే ఉంటాయి. ఆ అమ్మాయిది దొంగకాగితమని నివేదిక రాసి, ఠప్పున ముద్ర కొట్టిందీ ఆయనే.

"పేరు, సమయం, కారణం," అని తాళాల రిజిస్టరు చాచాడు. చీమ రాసింది. ఠప్. "సైటు డాక్టరు గారన్నమాట. రోగమేంటో చెప్పి దయచేయండి. పోలీసు పని చేసేవాళ్ళం మేమున్నాం."

"రోగం చెప్పమంటే చెప్తాను సార్. రోగం అంటించినవాళ్ళు కనిపిస్తే కళ్ళు మూసుకోమంటే మాత్రం మా మాస్టారు తిడతారు. ఆయన కళ్ళకే కట్టుంది, నాకు లేదు."

సర్వర్ గది బీరువాకంటే కాస్త పెద్దది. చల్లగా ఉంది, లోపల పెట్టె గుయ్యిమంటోంది. తలుపు వెనక మాస్టారి చేతిరాతతో ఒక అట్ట వేలాడుతోంది. ఏ గదిలో ఏ నంబరు కంప్యూటరుందో వరుసగా రాసి పెట్టాడు. కింద ఎర్ర సిరాతో ఇంకో మాట: "బొమ్మలు ఏడాది దాచుకోనివ్వు. జాబితాలు ప్రతిసారీ అడగనివ్వు. ఏది పంపినా మూటకట్టి పంపు."

పద్దెనిమిదేళ్ళ క్రితం చీమ పుస్తకంలో మొదటి పేజీలో ఆయన రాయించిన మాటలే అవి.

కూర్చుని తెర తెరిచింది. రెండు నిమిషాల్లో రోగం దొరికింది. కంప్రెషన్ ఆపేసి ఉంది. ఆపిన సమయం మంగళవారం మూడూ యాభై రెండు.

ఈ కంప్రెషన్ ఏమిటంటారా? చాకలి పద్దు రాసేటప్పుడు తెల్లచొక్కా, తెల్లచొక్కా, తెల్లచొక్కా అని నలభైసార్లు రాస్తామా? ఒకసారి రాసి, కింద "పైదే, పైదే" అని చుక్కలు పెడతాం. పేజీలో మళ్ళీ మళ్ళీ వచ్చే మాటల్ని అలా చుక్కలు చేసి, చిన్న మూటగా కట్టి పంపుతుంది సర్వర్. చూసేవాడి కంప్యూటరు మూట విప్పుకుంటుంది. మోత తక్కువ, దారి తొందర. అది ఆపేస్తే ఆ సన్నటి లైను మీద వేలమంది పిల్లలకు పేజీలు పరుపుల్లాగా మోయాలి. కుంటక ఏం చేస్తుంది?

చీమ మాస్టారికి ఫోన్ కలిపింది. "మాస్టారూ, కంప్రెషన్ మీరు ఆపారా?"

"ఊపిరైనా ఆపుకుంటాను గానీ అదాపుతానా?" మంచం కిర్రుమన్న చప్పుడు వినిపించింది. "ఎవడే ఆపింది?"

"లేవకండి, పడుకోండి. ఇంకొక్కటి చెప్పండి. మూట అడిగినప్పుడు కడతారా, ముందే కట్టి ఉంచుతారా?"

"వేలమంది ఒకేసారి వచ్చి పడితే అప్పటికప్పుడు కడతామా పిచ్చిపిల్లా? జాబితా పెట్టేటప్పుడే ఒకసారి కట్టి పక్కన పెట్టేస్తా. జాబితా మారిస్తే మూట మళ్ళీ కట్టాలి. అది నాకూ నీకూ తప్ప..."

మాస్టారు ఆగిపోయాడు. చీమ అప్పటికే సోమవారం మూట వెతుకుతోంది.

"తెలిసింది కదూ?" అన్నాడు మాస్టారు మెల్లగా.

"తెలిసింది మాస్టారూ."

*

మూడూ ముప్ఫై అయిదు. చీమ గుమ్మంలోకొచ్చి స్టాంపును లోపలికి పిలిచింది.

"సార్, ఈ జాబితాను మంగళవారం మూడూ నలభైకి ఎవరో మార్చారు. ఆ అమ్మాయి నంబరు తీసేసి, దాని చోట ఇంకెవరిదో పెట్టి ఉంటారు."

స్టాంపు నవ్వాడు. "కథ బాగుంది మేడమ్ గారూ. వాళ్ళ షాపుకు నేనే స్వయంగా వెళ్ళాను. బుధవారం పదకొండుంబావుకు అదే కంప్యూటరు తెరిపించాను. అందులోనూ ఇప్పటి జాబితాయే ఉంది. ఒకసారి చూసిన పేజీని బ్రౌజరు దాచుకుంటుందని నాకూ తెలుసు. పాత జాబితా అంటూ ఉండి ఉంటే దాంట్లో దొరకదా?"

"మీకు తెలిసింది నిజమే, కానీ సగమే. మీ వెనక తలుపుకున్న అట్ట చదవండి. పాఠశాల చిహ్నం, బొమ్మలు ఏడాదిపాటు దాచుకోమని చెప్పారు మాస్టారు. జాబితాను మాత్రం ప్రతిసారీ వచ్చి అడిగే చూపించమన్నారు. మీరు తెరిపించగానే ఆ కంప్యూటరు వచ్చి అడిగింది, మారిన జాబితా పట్టుకెళ్ళింది. పాతదాన్ని చెరిపింది మీ చెయ్యే సార్."

స్టాంపు మొహంలో నవ్వు కాస్త వాడింది. "అయితే రుజువు పోయినట్టే కదా?"

"అక్కడ పోయింది. ఇక్కడుంది." చీమ తెర వైపు చూపించింది. "జాబితా మార్చినవాళ్ళకు మూట సంగతి తెలియదు. అసలు జాబితా మార్చారు, సైటు తెరిచారు. పాత జాబితాయే వచ్చింది. ఎందుకంటే సర్వర్ పంపేది మాస్టారు సోమవారం కట్టిన మూట. వాళ్ళకు అర్థం కాలేదు. బ్రౌజరు దాచుకుంది కాబోలనుకుని, దాచుకున్నదంతా ఖాళీ చేసి మళ్ళీ తెరిచారు. మళ్ళీ పాతదే. పన్నెండు నిమిషాలు కిందామీదా పడి, చివరికి కంప్రెషన్ స్విచ్చే ఆపేశారు. అప్పుడు కనిపించింది కొత్తది. పిల్లి కళ్ళు మూసుకుని పాలైతే తాగింది సార్, మూతికంటిన మీగడ తుడుచుకోలేదు. మూట ఇంకా ఇక్కడే ఉంది. సోమవారం తొమ్మిదీ యాభై రెండుకు కట్టింది."

"అది మీరిప్పుడు కట్టిందేమో! మీ గురువు, మీ మూట, మీ సమయం. నా ముద్ర అంత చవగ్గా పడదు."

చీమకు కోపం రాలేదు. అలా అడిగేవాడే కావాలి ఆ వేళ.

"అడగాల్సిందే అడిగారు. రండి, తూకం వేద్దాం. ఎవరొచ్చి ఏమడిగారు, ఎన్నింటికి అడిగారు, ఎన్ని బైట్ల బరువు పట్టుకెళ్ళారు, అంతా సర్వర్ వరుసగా రాసుకుంటుంది."

"అంటే గేటు రిజిస్టరు."

"అచ్చంగా. స్టాంపు ఒక్కటే తక్కువ."

స్టాంపు కళ్ళజోడు పెట్టుకుని వంగాడు. సోమవారం పది గంటల నుంచి మంగళవారం మూడూ యాభై రెండు దాకా ఆ జాబితా పట్టుకెళ్ళిన ప్రతివాళ్ళ పక్కనా ఒకటే అంకె. ఆరువేల నూట పద్నాలుగు. పదీ ఇరవైకి కుట్టు షాపు కంప్యూటరు వచ్చిన వరుసలోనూ అదే.

"ఇప్పుడు ఆ మూట తూకం చూడండి."

ఆరువేల నూట పద్నాలుగు.

"మారిన జాబితాను మీ ఎదురుగానే మూటకడతాను." కట్టింది. ఆరువేల నూట తొమ్మిది. "అయిదు తక్కువ. లోపలి మాట మారితే మూట బరువూ మారింది సార్. సోమవారం ఊరందరూ మోసుకెళ్ళింది ఏదో మీరే చెప్పండి."

స్టాంపు ఆ అంకెల మీద వేలు పెట్టి, పెదాలతో చదువుతూ కిందికి దిగాడు. మంగళవారం మధ్యాహ్నం వరుసల దగ్గరికొచ్చాక వేలు ఆగింది. "ఇదేంటి? ఒకే కంప్యూటరు పాఠశాల చిహ్నాన్ని ఆరుసార్లు అడిగింది. మూడూ నలభై ఒకటి నుంచి యాభై ఒకటి లోపల."

చీమ ఆయన వైపు కొత్తగా చూసింది. తాను చెప్పకముందే పట్టాడు! "ఏడాది దాచుకోమన్న బొమ్మ అది. ఒకసారి పట్టుకెళ్ళినవాళ్ళు మళ్ళీ అడగక్కర్లేదు. రోజూ ఇంటికొచ్చే చుట్టం పది నిమిషాల్లో ఆరుసార్లు ఇల్లెక్కడని అడిగాడంటే?"

"మాటిమాటికీ మతి ఖాళీ చేసుకుంటున్నాడని." స్టాంపు వెనక్కి తిరిగి తలుపు మీద అట్ట చూశాడు. ఆ వరుసల్లో ఉన్న కంప్యూటరు నంబరు ఒకటి. అట్ట మీద ఒకటికి ఎదురుగా ఉన్న గది పేరు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివాడు.

ప్రిన్సిపాల్ గది.

ఆయన చంకలోంచి తాళాల రిజిస్టరు తీశాడు. "మంగళవారం. ఆ గది తాళం తీసుకున్నది మూడూ ముప్ఫైకి. తిరిగిచ్చింది నాలుగింటికి. సంతకం ప్రిన్సిపాల్ గారిది. ముద్ర నాది."

"రెండు నుంచి అయిదు దాకా యార్డులోనే ఉన్నానని నాతో అన్నారు సార్."

స్టాంపు రిజిస్టరు మూసి చంకలో పెట్టుకున్నాడు. తొమ్మిదేళ్ళు ఉప్పు తిన్న చోటు. కానీ తన రిజిస్టరు అబద్ధం చెప్పదని చెప్పుకుని బతికిన మనిషి.

"ఇంకా అనుమానం ఉంటే ఒక్కటి చేద్దాం," అంది చీమ. "మూట విప్పి, రెండు జాబితాలూ పక్కపక్కన పెడతాను."

మూట విప్పింది. నలభై నంబర్లు ఎడమ వైపు, నలభై కుడి వైపు. పైనుంచి కిందికి చూస్తూ వచ్చింది. మూడు వందల పద్దెనిమిది దగ్గర తేడా, అది తెలిసిందే. కానీ చూపు అక్కడ ఆగలేదు. ఇంకోచోట తేడా. ఇంకోచోట.

మారింది ఒక్క నంబరు కాదు, మూడు.

"నూట ఏడు," అంది చీమ. "రెండు వందల అరవై ఒకటి. సార్, గేటు రిజిస్టరు. బుధవారం."

స్టాంపు అప్పటికే తిప్పుతున్నాడు. "నూట ఏడు. ఎనిమిదీ పదికి వచ్చింది. సామాను: పెట్టె ఒకటి, పరుపుచుట్ట ఒకటి. తొమ్మిదికి వెళ్ళిపోయింది. రెండు వందల అరవై ఒకటి, తొమ్మిదీ ఇరవై అయిదు. పెట్టె ఒకటి. తొమ్మిదీ నలభైకి వెళ్ళిపోయాడు." తలెత్తాడు. "నాకు గుర్తుంది. ఆ అబ్బాయి ఆఫీసు తెర మీద జాబితా చూసి, నా పొరపాటేనండీ, సరిగా చూసుకోలేదు అని నాకే క్షమాపణ చెప్పి వెళ్ళాడు."

ఒకరి మొహం ఒకరెరుగని ముగ్గురు, ముగ్గురూ పెట్టెలతో వచ్చారు. ఇద్దరు తమ కళ్ళనే అనుమానించి తలదించుకుని వెళ్ళిపోయారు. ఒక్క పిల్ల మాత్రం, నేను చూసింది నేను చూశాను అని బెంచీ మీద కూర్చుంది. దొంగ అనిపించుకుంటూ కూర్చుంది. ఆ కూర్చోవడమే లేకపోతే ఈ మూట ఎవరు విప్పేవాళ్ళు చెప్పండి?

"ఈ ఇద్దరూ కూడా దొంగకాగితాలు చేశారంటారా సార్?" అంది చీమ.

స్టాంపు తన నివేదికను జేబులోంచి తీసి, తన ముద్ర పడిన చోటే రెండుగా చింపాడు. సరాసరి వరండాలోకి నడిచాడు. నాలుగూ పద్దెనిమిది. చేరికల రిజిస్టరు పెట్టె మీదే తెరిచి పెట్టాడు.

"సంతకం పెట్టమ్మా. అభ్యర్థి సంతకం, పక్కన నా ముద్ర, ఆ రెండూ పడితే చేరినట్టే. చెరపడం ఆ దేవుడి వల్ల కూడా కాదు."

ఆ అమ్మాయి చీమ వైపు చూసింది. చీమ తలూపింది. ఆ అమ్మాయి కలం అందుకుంది. నంబరు రాసింది, సంతకం చేసింది.

ఠప్.

ఆ చప్పుడుకు ప్రిన్సిపాల్ గది తలుపు తెరుచుకుంది. ఆయన వరండాలోకొచ్చి, రిజిస్టరు చూసి, తెరిచి ఉన్న సర్వర్ గది చూశాడు. మాట మాత్రం మెత్తగానే వచ్చింది.

"ఆ పెట్టె వేడెక్కుతోందట. ఇప్పుడే ఆపించి అవతలికి పంపాలి. తాళం ఇలా ఇవ్వండి."

స్టాంపు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. తాళాల రిజిస్టరు రెండు చేతులా చాచాడు. "తప్పకుండా సార్. పేరు, సమయం, కారణం. కారణం గడి ఖాళీగా ఉంటే చెల్లదు."

ప్రిన్సిపాల్ కలం తీసుకోలేదు. ఆయన చెయ్యి జేబులోనే ఉండిపోయింది.

చీమ అప్పటికే గేటు రిజిస్టరులో నూట ఏడుకు ఎదురుగా ఉన్న ఫోన్ నంబరు నొక్కింది. నాలుగోసారి మోగాక ఒక సన్నటి గొంతు పలికింది. వెనక రైలు కూత.

"ఎవరండీ?"

"శిక్షణ పాఠశాల నుంచమ్మా. నూట ఏడో నంబరు నీదేనా? ఎక్కడున్నావు?"

"స్టేషన్లో. నిన్నంతా ఇంటికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలో తెలీక చిన్నమ్మ దగ్గరున్నా. నాలుగూ నలభై బండికి వెళ్ళిపోతున్నా. తప్పు నాదేనండీ, సరిగా చూసుకోలేదు..."

"నీ కళ్ళు లక్షణంగా ఉన్నాయి తల్లీ. నువ్వు చూసింది నిజం. పెట్టె కిందకి దించు, ఆటో ఎక్కు. అయిదులోగా గేటు దాటు."

అవతల పెట్టె నేలకు తగిలిన చప్పుడు వినిపించింది. చీమ రెండో నంబరు నొక్కింది. రెండు వందల అరవై ఒకటి. నాలుగూ ఇరవై నాలుగు. మోగింది. మోగుతూనే ఉంది. మూడు వందల పద్దెనిమిది నంబరు అమ్మాయి వచ్చి చీమ భుజం పక్కన నిలబడింది, ఎత్తాలి, ఎత్తాలి అంటూ పెదాలు కదుపుతూ. గుమ్మంలో స్టాంపు కదల్లేదు. ఎదురుగా ప్రిన్సిపాలూ కదల్లేదు. ఫోను మోగుతూనే ఉంది.

విన్నారు కదా. ఈ అంకెల్లో ఏది మరిచిపోయినా ఫరవాలేదు గానీ, ఆ మూడు నంబర్లు మాత్రం గుర్తుపెట్టుకోండి. నూట ఏడు, రెండు వందల అరవై ఒకటి, మూడు వందల పద్దెనిమిది. నలుగురు కూడినచోట చెప్పండి, మీ పిల్లల చేత చెప్పించండి. ఎక్కడో ఒకచోట, తను కళ్ళారా చూసినదాన్ని తనే కాదనుకుని పెట్టె సర్దుకుంటున్న పిల్లాడు ఉండే ఉంటాడు. వాడి చెవిన పడాలి.